పిల్లల జబ్బులపై పరిశోధన: అమెరికాలో చట్టం ఒకచోట, డబ్బు మరోచోట

పిల్లల జబ్బుల పరిశోధనకు ఇన్ని కోట్ల డాలర్లు అని అమెరికాలో చట్టం చేసినంత మాత్రాన ఆ డబ్బు వచ్చేసినట్టు కాదు. చట్టంలో రాసిన అంకె ఖర్చుకు అనుమతి మాత్రమే. సొమ్ము చేతికి రావాలంటే కాంగ్రెస్ ఏటా పాస్ చేసే కేటాయింపు బిల్లులోనూ ఆ అంకె ఉండాలి. పిల్లల పరిశోధన చాలాసార్లు ఆగిపోయింది ఈ రెండో మెట్టు దగ్గరే.

నిజానికి ఈ రంగంలో తొలి అడుగులు ప్రభుత్వ డబ్బుతో పడలేదు. 1955లో ఫలితం తేలిన సాక్ పోలియో టీకా వెనక ఉన్నది ప్రజలు ఇచ్చిన విరాళాలు. 1948లో బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ లుకేమియా (రక్త కేన్సర్) ఉన్న 16 మంది పిల్లలకు అమినోప్టెరిన్ అనే మందు ఇస్తే 10 మందిలో జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గింది. ఆ మందును తయారుచేసి ఇచ్చింది లెడర్లీ కంపెనీలో మన యల్లాప్రగడ సుబ్బారావు బృందం. కేన్సర్ మందుల అన్వేషణకు కాంగ్రెస్ ప్రత్యేకంగా నిధులిచ్చి జాతీయ కేంద్రం పెట్టించింది 1955లో. లుకేమియా పిల్లలపై పలు ఆస్పత్రులు ఒకే పద్ధతిలో పరీక్షలు జరిపే బృందాలు కూడా అప్పుడే మొదలయ్యాయి. ఒక్కో ఆస్పత్రికి వచ్చే కేసులు అతి తక్కువ కాబట్టి వేరే దారి లేదు. 2000లో అలాంటి నాలుగు బృందాలు కలిసి చిల్డ్రన్స్ ఆంకాలజీ గ్రూప్ అయ్యాయి.

1962లో కెనడీ హయాంలో పిల్లల ఆరోగ్యానికి ఎన్‌ఐహెచ్ (వైద్య పరిశోధన నడిపే అమెరికా ప్రభుత్వ జాతీయ ఆరోగ్య సంస్థల సముదాయం) కింద ప్రత్యేక సంస్థ ఏర్పడింది. అయినా పిల్లల కేన్సర్‌పై పరిశోధన ఎన్‌ఐహెచ్‌లోనే ఉన్న జాతీయ కేన్సర్ సంస్థ దగ్గరే ఉంది, గుండె, ఊపిరితిత్తుల జబ్బులు వాటి సంస్థల దగ్గరే ఉన్నాయి. ప్రతి సంస్థలోనూ పెద్దల జబ్బులదే పెద్ద పద్దు కాబట్టి పిల్లల వాటా మొత్తం ఎంతో చెప్పడం నేటికీ కష్టమే. కేన్సర్ సంస్థ బడ్జెట్‌లో పిల్లలకు దక్కేది 4 శాతమేనని ఉద్యమకారులు చాలాకాలంగా అంటున్నారు. పిల్లలకూ పెద్దలకూ పనికొచ్చే మౌలిక పరిశోధన ఆ లెక్కలోకి రాదని సంస్థ జవాబు. రెండు మాటల్లోనూ నిజముంది. అందుకే ఏ శాతం కనబడినా అందులో ఏం కలిపారో, ఏం వదిలేశారో ముందు చూడాలి.

మందుల సంగతి ఇంకా ఇబ్బందికరం. పిల్లలపై పరీక్షించని మందులనే డాక్టర్లు బరువును బట్టి డోసు తగ్గించి వాడుతూ వచ్చారు. కానీ పసికందు కాలేయం మందును పెద్దవాళ్ల కాలేయంలా విరిచివేయలేదు. క్లోరాంఫెనికాల్ నవజాత శిశువుల ఒంట్లో పేరుకుపోయి ప్రాణాలు తీసింది అందువల్లే. పిల్లలపై పరీక్షలు జరిపిన కంపెనీకి మార్కెట్లో ఆరు నెలల అదనపు గుత్తహక్కు ఇస్తామని 1997లో చట్టం చేశారు. పేటెంట్ అయిపోయిన మందులకు ఈ ఎర పనిచేయదు. అందుకని 2002 చట్టం ఆ పరీక్షల బాధ్యతను ఎన్‌ఐహెచ్‌కు అప్పగించి, తొలి ఏడాదికి 20 కోట్ల డాలర్లకు అనుమతి ఇచ్చింది. దానికోసం విడిగా కేటాయింపు మాత్రం జరగలేదు. ఎన్‌ఐహెచ్ సంస్థలు తమ బడ్జెట్ల నుంచే తలా కొంత వేసుకుని పని నడిపించాయి.

కంపెనీలు వెనకాడిన చోట ప్రభుత్వ డబ్బు ఏం చేయగలదో న్యూరోబ్లాస్టోమా (చిన్నపిల్లల్లో నాడీకణాలకు వచ్చే కేన్సర్) చూపించింది. ఈ కేన్సర్‌పై పనిచేసే యాంటీబాడీని కేన్సర్ సంస్థే స్వయంగా తయారుచేయించి, 226 మంది పిల్లలపై పరీక్షకు అందించింది. మామూలు చికిత్సతో రెండేళ్లకు జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవాళ్లు 46 శాతమైతే, ఇది కలిపాక 66 శాతం. 2015లో డైనుటక్సిమాబ్ పేరుతో దానికి ఆమోదం వచ్చింది.

డబ్బు ఉండీ చెడిన పని కూడా ఒకటుంది. లక్ష మంది పిల్లలను కడుపులో ఉన్నప్పటి నుంచి 21 ఏళ్ల వయసు దాకా గమనించాలన్న నేషనల్ చిల్డ్రన్స్ స్టడీకి 2000లో చట్టం అనుమతించింది. ఎంచుకున్న కౌంటీల్లో ఇంటింటికీ తిరిగి గర్భిణులను చేర్చుకోవాలనుకున్నారు. ఏ సమయంలో చూసినా గర్భిణి ఉండే ఇళ్లు కొద్ది. ఒక్కరిని చేర్చడానికి ఎన్నో తలుపులు తట్టాల్సి రావడంతో ఖర్చు చేయి దాటింది. పైలట్ దశలో చేరిన పిల్లలు సుమారు 5,000. 120 కోట్ల డాలర్లకు పైగా ఖర్చయ్యాక 2014 డిసెంబరులో ఎన్‌ఐహెచ్ దాన్ని ఆపేసింది. 2016లో మొదలైన ఎకో పథకం కొత్తవాళ్ల కోసం తిరగడంతో మొదలుపెట్టలేదు. అప్పటికే నడుస్తున్న అధ్యయనాలను ఒకచోటికి చేర్చింది. ముందే చేయాల్సిన పని అది.

అదే 2014లో, మెదడు కణితితో పదేళ్లకే చనిపోయిన గాబ్రియెలా మిల్లర్ పేరిట ఒక చట్టం వచ్చింది. పార్టీల జాతీయ మహాసభలకు ఇచ్చే ప్రభుత్వ సొమ్మును ఆపి, పదేళ్లకు 12.6 కోట్ల డాలర్లను పిల్లల పరిశోధన నిధికి మళ్లించారు. నిధిలో డబ్బున్నా అది కదలాలంటే ఏటా కేటాయింపు తప్పనిసరి. ఆ డబ్బుతో కేన్సర్, పుట్టుకతో వచ్చే లోపాలున్న పిల్లల జన్యుక్రమాన్ని తల్లిదండ్రుల జన్యుక్రమంతో పోల్చి చదివి, ఆ సమాచారాన్ని పరిశోధకులందరికీ అందుబాటులో పెడుతున్నారు. 2024 మార్చిలో ప్రతినిధుల సభ, డిసెంబరులో సెనేట్ దీని పొడిగింపును ఆమోదించాయి. పదేళ్లలో ధరలు, జీతాలు పెరిగినా ఏడాది మొత్తాన్ని మాత్రం 2014 నాటి 1.26 కోట్ల డాలర్ల దగ్గరే ఉంచారు.