'యువర్ చీటిన్ హార్ట్' ఎవరి సొత్తు?

అమెరికా పల్లె బాణీల్లోంచి వచ్చిన పాత 'కంట్రీ' పాటల హక్కుల తగవు ఎప్పుడు రేగినా, 'యువర్ చీటిన్ హార్ట్' రాసి పాడిన హ్యాంక్ విలియమ్స్ పేరు రాక మానదు. ఆయన పేదరికం, తాగుడు, 29 ఏళ్లకే కారు వెనక సీట్లో చావు అందరికీ తెలిసినవే. వాటాల లెక్క తేలాలంటే మాత్రం 1975లో అట్లాంటా ఫెడరల్ కోర్టు ఇచ్చిన తీర్పు చూడాలి.

అప్పటి అమెరికా చట్టంలో పాటకు హక్కు మొదట 28 ఏళ్లు. ఇరవై ఎనిమిదో ఏట దరఖాస్తు పెడితే రెన్యూవల్, అంటే రెండో విడత హక్కు. మెలిక ఇక్కడే ఉంది. ఆలోపే రచయిత పోతే, రెన్యూవల్‌ను ఆయన ముందే ప్రచురణకర్తకు రాసిచ్చినా చెల్లదు. అది నేరుగా భార్యకూ పిల్లలకూ దక్కుతుంది.

మరి భార్య ఎవరు? మొదటి భార్య ఆడ్రీతో 1952 మేలో విడాకులయ్యాయి. మళ్లీ పెళ్లాడనంత కాలం రాయల్టీల్లో సగం ఆమెకు. అక్టోబరులో బిల్లీ జీన్‌తో పెళ్లి, న్యూ ఆర్లియన్స్ ఆడిటోరియంలో టికెట్లు అమ్మి మరీ రెండుసార్లు! కానీ బిల్లీ జీన్‌కు మొదటి భర్తతో విడాకులు ఖరారైంది ఆ తర్వాతే. ఆ సందు పట్టుకుని పెళ్లే చెల్లదన్నారు. 1953లో ఇరవయ్యేళ్ల ఆ పిల్ల చేతిలో 30,000 డాలర్లు పెట్టి, ఎస్టేటు (హ్యాంక్ వదిలిపోయిన ఆస్తి) మీద హక్కు వదులుకునేలా చేశారు.

బిల్లీ జీన్ చెప్పేది వినాలి. నాష్‌విల్ నుంచి ష్రీవ్‌పోర్ట్ వెళ్తూ, స్టీరింగ్ పట్టుకున్న హ్యాంక్ మొదటి భార్య మీది కడుపుమంటను 'యువర్ చీటిన్ హార్ట్' పాటగా చెప్తుంటే పక్కన కూర్చుని రాసింది తానేనని. 1952 సెప్టెంబరు 23న క్యాజిల్ స్టూడియోలో, డాన్ హెల్మ్స్ స్టీల్ గిటార్ మూలుగుతుండగా అది రికార్డయింది. హ్యాంక్‌కు అదే ఆఖరి సెషన్. పాట తిట్టింది ఆడ్రీని, రాయల్టీలో సగం వెళ్లిందీ ఆడ్రీకే.

పెళ్లి విషయంలో 1975లో కోర్టు బిల్లీ జీన్ మాటే నిలబెట్టింది. తంతు చెల్లకపోయినా విడాకుల తర్వాత సాగిన కాపురమే పెళ్లి అంది. ఆమె వదులుకున్నది ఎస్టేటును. రెన్యూవల్ ఎస్టేటులోది కాదు. సగం ఆమెకు, సగం హ్యాంక్ కొడుకు హ్యాంక్ జూనియర్‌కు.

'పిల్లలు' అన్న మాట మీద ఇంకో పేచీ మిగిలింది. తండ్రి హ్యాంక్ పోయిన ఐదు రోజులకు పుట్టిన కూతురు జెట్ విలియమ్స్ పెద్దయ్యాక కోర్టుకెక్కింది. ఎస్టేటు తరఫువాళ్లే ఆమె సంగతి దాచారు గనుక ఆలస్యాన్ని సాకుగా చూపలేరని 1989లో అప్పీలు కోర్టు తేల్చింది. చట్టం మారి మొత్తం గడువు 95 ఏళ్లయింది. అంటే 1952లో నమోదైన ఈ పాట మీద వాటాలు 2047 చివరిదాకా నడుస్తాయి.