మెయిల్‌ని బ్రౌజర్‌లోంచి ఎందుకు పంపేశారు?

పాత గొడవే మళ్లీ మొదలైంది: బ్రౌజర్‌లోనే మెయిల్ ప్రోగ్రాం ఉండాలా, వద్దా? ఈసారి కదిపింది ఏఐ బ్రౌజర్లు. 2025 జులైలో పర్‌ప్లెక్సిటీ వాళ్ల కామెట్, అక్టోబర్‌లో ఓపెన్‌ఏఐ వాళ్ల అట్లాస్ వచ్చాయి. మనం లాగిన్ అయి ఉన్న ట్యాబ్‌లలో తిరుగుతూ మన ఇన్‌బాక్స్ చదివిపెడతామని రెండూ అంటున్నాయి. బ్రౌజర్ పని పేజీలు చూపించడం, మెయిల్ జోలి దానికెందుకని కొందరు. ఎలాగూ చదువుతోంది కదా, అదేదో పద్ధతిగా లోపలే పెట్టండని ఇంకొందరు.

తొంభైల నాటి బ్రౌజర్ నెట్‌స్కేప్ పుట్టుక, మైక్రోసాఫ్ట్‌తో దాని పోరు అందరికీ తెలిసిన కథే, వదిలేస్తున్నా. 1996 నాటి నావిగేటర్ 2.0 లోనే మెయిల్ ఉందని, 1997లో కమ్యూనికేటర్ 4 వచ్చేసరికి మెయిల్, న్యూస్‌గ్రూపులు అనే చర్చా వేదికలు, పేజీలు రాసే ఎడిటర్ అన్నీ కలిపి ఒకే మూట కట్టారని గుర్తుంటే చాలు. ఆ మూట బరువు మీద జనానికి వచ్చిన విసుగు నిజమైనదే. పేజీ ఒకటి చూద్దామని తెరిస్తే మొత్తం సంసారమంతా మెమరీలోకి దిగేది.

ఆ రోజుల్లో నెట్‌స్కేప్ మెయిల్ రాసినవాళ్లలో జేమీ జవిన్‌స్కీ ఒకరు. ప్రతి ప్రోగ్రామూ మెయిల్ చదవగలిగేదాకా పెరుగుతూనే పోతుందన్న సూత్రం ఆయనదే. బ్రౌజర్‌లో మెయిల్ వద్దనేవాళ్లు దీన్ని వెక్కిరింతగా వాడతారు కానీ రెండో సగం చెప్పరు: అలా పెరగలేని ప్రోగ్రాముల చోటుని పెరగగలిగినవి లాగేసుకుంటాయి. తర్వాత జరిగింది అచ్చంగా ఆ రెండో సగమే.

నా లెక్కలో మలుపు 2003 ఏప్రిల్ 2. నెట్‌స్కేప్ కోడ్‌లోంచి పుట్టిన ప్రాజెక్టు మొజిల్లా. దాన్ని నడిపించేవాళ్లలో ఒకరైన బ్రెండన్ ఐక్ ఆ రోజు కొత్త రోడ్‌మ్యాప్, అంటే ముందు ముందు ఏం చేయాలన్న ప్రణాళిక, బయటపెట్టారు. మూట విప్పేద్దాం, బ్రౌజర్ వేరుగా, మెయిల్ వేరుగా చిన్న చిన్న ప్రోగ్రాములు చేద్దాం, అదనంగా కావలసినవి ఎవరికి వాళ్లు ఎక్స్‌టెన్షన్లుగా తగిలించుకుంటారు అన్నది దాని సారం. అప్పటికే డేవ్ హయట్, బ్లేక్ రాస్ వాళ్లు ఫీనిక్స్ అనే తేలికైన బ్రౌజర్ చేసి చూపించారు, అదే ఫైర్‌ఫాక్స్ అయింది. మినోటార్ అని మొదలైన మెయిల్ ప్రోగ్రాం థండర్‌బర్డ్ అయింది. ఫైర్‌ఫాక్స్ 1.0 2004 నవంబర్ 9న, థండర్‌బర్డ్ 1.0 డిసెంబర్ 7న వచ్చాయి. నెల తిరక్కుండానే ఇద్దరు అన్నదమ్ములూ వేరు కాపురాలు పెట్టారన్నమాట.

ఇంజినీర్లుగా వాళ్లు చేసింది తప్పని నేననను. చెడింది ఆస్తి పంపకం దగ్గర. ఫైర్‌ఫాక్స్ పైన చిన్న సెర్చ్ పెట్టె ఉంది, అందులో జనం వెతికే వెతుకులాటకి గూగుల్ డబ్బిస్తుంది. 2005లో మొజిల్లా ఆదాయం సుమారు 5.29 కోట్ల డాలర్లు, అందులో సింహభాగం సెర్చ్ నుంచే. మెయిల్ ప్రోగ్రాంకి అలాంటి పెట్టె ఏది? వచ్చిన ఉత్తరం చదువుతాం, జవాబు రాస్తాం, మూసేస్తాం. పైసా రాదు. ఒకే ఇంట్లో ఉన్నన్నాళ్లు ఒకరి సంపాదన మీద ఇంకొకరు బతికారు, వేరుపడ్డాక సంపాదన లేనివాడి గతి ఏమవుతుందో ఆ రోడ్‌మ్యాప్‌లో ఎవరూ ఆలోచించినట్టు కనిపించదు. 2012 జులైలో థండర్‌బర్డ్ ఇక తమకు ముఖ్యం కాదని మొజిల్లా చెప్పేసింది. 2020లో దాన్ని వేరే కంపెనీగా పెట్టారు. ఇప్పుడది విరాళాల మీదే బతుకుతోంది. 2022లో వాడేవాళ్లు ఇచ్చింది 64 లక్షల డాలర్ల పైమాటే. అంటే అవసరం లేని సరుకేం కాదు.

మూట విప్పే పని జరుగుతుండగానే, 2004 ఏప్రిల్ 1న జీమెయిల్ వచ్చింది. హాట్‌మెయిల్ 2 మెగాబైట్లు ఇస్తున్న రోజుల్లో 1 గిగాబైట్! దాన్ని అంత చురుగ్గా నడిపించిన ఎక్స్‌ఎంఎల్‌హెచ్‌టీటీపీ‌రిక్వెస్ట్ అనే సౌకర్యం ఎక్కడిదో చూడండి. పేజీ మొత్తం మళ్లీ లోడ్ చేయకుండా సర్వర్‌తో మాట్లాడే ఆ పద్ధతిని తయారుచేసింది మైక్రోసాఫ్ట్‌లో ఔట్‌లుక్ వెబ్ మెయిల్ చేసే బృందం, 1999లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 5తో బయటికొచ్చింది. మెయిల్ కోసమే పుట్టిన పనిముట్టు అది. కాబట్టి మెయిల్ బ్రౌజర్‌లోంచి నిజంగా ఎప్పుడూ వెళ్లలేదు, ముందు గుమ్మంలోంచి పంపేస్తే కిటికీలోంచి ట్యాబ్ రూపంలో వచ్చింది. కాకపోతే అంతకుముందు ఉత్తరాలు మన డిస్క్ మీద ఉండేవి, ఇప్పుడు అవతలివాళ్ల సర్వర్‌లో ఉంటాయి. ఏ ప్రొవైడర్ అయినా ఒకే కిటికీలో చూసుకునే వీలు పోయి, ఎవరి పేజీకి వాళ్ల దగ్గరికే వెళ్లాల్సి వచ్చింది.

వద్దనేవాళ్ల ముఖ్యమైన వాదన భద్రత. 2000 మేలో ఐ లవ్ యూ వైరస్ ఔట్‌లుక్ అడ్రస్ బుక్‌ల మీదుగా ఎలా పాకిందో మర్చిపోలేం, ముక్కూమొహం తెలియనివాళ్లు పంపేవాటిని బ్రౌజర్ పక్కన పెట్టుకోవడం ప్రమాదమే. కానీ థండర్‌బర్డ్ కూడా ఉత్తరాన్ని చూపించేది ఫైర్‌ఫాక్స్‌లో పేజీలు చూపించే ఇంజిన్ గెకోతోనే. వేరే ప్రోగ్రాం అయినంత మాత్రాన ఇంజిన్ వేరు కాలేదు. అక్కడ కాపాడేది మెయిల్‌లో జావాస్క్రిప్ట్ని, అంటే పేజీ లోపల దాగి నడిచే కోడ్‌ని, నడవనివ్వకపోవడం. అది బ్రౌజర్ లోపలున్న మెయిల్‌లోనూ చేయొచ్చు.

ఒపేరా అనే బ్రౌజర్ 2003లో, వెర్షన్ 7తో, ఎం2 అనే మెయిల్‌ని లోపలే పెట్టింది. ఉత్తరాలన్నీ ఒకే గుట్టగా ఉండేవి, ఫోల్డర్లలో సర్దే పని లేదు, పంపినవాళ్లను బట్టో లేబుల్‌ని బట్టో అదే ఉత్తరం నాలుగైదు చోట్ల కనిపించేది. పదేళ్లు నడిచాక, 2013లో గూగుల్ క్రోమ్‌కి ఆధారమైన క్రోమియం మీదికి మారిన ఒపేరా 15లో దాన్ని తీసేసి విడి ప్రోగ్రాంగా పెట్టారు, అది నిలవలేదు. ఒపేరా పెట్టినవాళ్లలో ఒకరైన యోన్ ఫాన్ టెచ్‌నరే ఆ తర్వాత వివాల్డీ అనే బ్రౌజర్ పెట్టి, 2022 జూన్‌లో మెయిల్‌ని మళ్లీ బ్రౌజర్‌లోకి తెచ్చారు. వద్దనుకునేవాళ్లకి అది కనిపించదు కూడా. బరువు గోల అక్కడే తీరిపోయింది.

ఇక ఇవాళ్టి గొడవ. 2025 ఆగస్టులో బ్రేవ్ అనే ఇంకో బ్రౌజర్ వాళ్లు కామెట్ మీద ఒక ప్రయోగం చేసి చూపించారు. రెడ్డిట్ అనే చర్చల సైట్‌లో ఒక కామెంట్‌లో ఆదేశాలు దాచిపెట్టారు. వాడేవాళ్లు ఆ పేజీని క్లుప్తంగా చెప్పమని అడిగితే, అసిస్టెంట్ ఆ ఆదేశాలు పట్టుకుని వెళ్లి, తెరిచి ఉన్న జీమెయిల్‌లో ఓటీపీ చదివి, తెచ్చి అదే కామెంట్ కింద పెట్టేసింది. దాని కళ్లకి రెడ్డిట్ కామెంటూ పేజీయే, మన ఇన్‌బాక్సూ పేజీయే. మెయిల్ బ్రౌజర్‌లో సొంత గదిగా ఉంటే, ఆ గదిలోకి వెళ్లే ముందు మనల్ని విడిగా అడగమని బ్రౌజర్‌కి చెప్పొచ్చు. ట్యాబ్‌గా ఉన్నప్పుడు ఆ గోడ ఎక్కడ కట్టాలి?

ఫైర్‌ఫాక్స్ సెట్టింగ్స్‌లో మెయిల్ లింక్ నొక్కితే ఏది తెరవాలో ఎంచుకునే వరస ఒకటుంది, వెళ్లి చూడండి. జీమెయిల్ అక్కడ ముందే రాసి ఉంటుంది. థండర్‌బర్డ్‌ని మాత్రం మనమే తెచ్చి పెట్టుకోవాలి.