పేలబోయే చుక్క కోసం వెతుకులాట: అపోహలు, వాస్తవాలు

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ తెలుగు పిల్లలకు ఆకాశం చూపించే టీచర్ల కోసం ఇది రాస్తున్నాం.

అపోహ: అంతరిక్ష టెలిస్కోపుతో కనిపెట్టుకుని ఉంటే, రేపు పేలే నక్షత్రం ఏదో ముందే తెలిసిపోతుంది.

వాస్తవం: పని తిరగేసి జరుగుతుంది. ముందు పేలుడు కనబడాలి, ఆ తర్వాత అదే చోటును పాత ఫొటోల్లో వెతకాలి. 2023 మే 19న జపాన్‌కు చెందిన కొయిచి ఇటగాకి ఎం101 గెలాక్సీలో ఒక సూపర్‌నోవాను (పేలిపోతున్న తారను) పట్టుకున్నారు. పెళ్లిలో అరుంధతిని చూపిస్తారే, ఆ సప్తర్షుల తోక దగ్గరే ఈ గెలాక్సీ. అది పేలాక మామూలు ఆరంగుళాల టెలిస్కోపుకు కూడా అందింది. పేలకముందు హబుల్ అంతరిక్ష టెలిస్కోపు ఫొటోల్లో మాత్రం సుమారు 24వ మాగ్నిట్యూడ్ (వెలుగు కొలత; అంకె పెరిగేకొద్దీ మసక), అంటే మన కంటికి ఆనే చివరి చుక్క కన్నా దాదాపు కోటిన్నర రెట్లు మసక.

అపోహ: పాత ఫొటో తెరిచి, అక్కడున్న చుక్కను చూపిస్తే సరిపోతుంది.

వాస్తవం: ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. పాత ఫొటోలోనూ కొత్త ఫొటోలోనూ ఉన్న పదుల కొద్దీ చుక్కలను జత చేసి, ఒకదాని మీద ఒకటి కూర్చాలి. తేడా ఒక పిక్సెల్‌లో చిన్న భాగమే ఉండాలి. కొత్త ఫొటోకు ఎక్స్‌పోజర్ తగ్గించాలి. లేకపోతే సూపర్‌నోవా వెలుగుకు పిక్సెళ్లు నిండిపోయి దాని నడిబొడ్డు ఎక్కడో తేలదు. హబుల్‌లోని ఏసీఎస్ కెమెరా పిక్సెల్ 0.05 ఆర్క్‌సెకన్లు (ఆర్క్‌సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు). 2.1 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోని ఎం101 దగ్గర అది 5 కాంతి సంవత్సరాల వెడల్పు! జంట తారలైనా, చిన్న గుంపైనా అందులో ఒకే చుక్కగా కలిసిపోతాయి. అందుకే కొన్నేళ్లాగి, పేలుడు వెలుగు తగ్గాక మళ్లీ ఫొటో తీస్తారు. పాత చుక్క మాయమైతేనే అసలు తార అదేనని గట్టిగా చెప్పొచ్చు. ఎం74 గెలాక్సీలో 2003లో పేలిన తార విషయం 2009లో అలాగే తేలింది.

అపోహ: హబుల్‌కు చిక్కకపోతే వెతుకులాట దండగ.

వాస్తవం: ఏమీ దొరకకపోవడం కూడా ఫలితమే. 2011లో ఇదే ఎం101లో తెల్ల మరుగుజ్జు తార (ఇంధనం అయిపోయి మిగిలిన చిన్న, చిక్కని తార) ఒకటి పేలింది. పాత హబుల్ ఫొటోల్లో అక్కడ ఏమీ లేదు. దానికి పదార్థం అందించిన జంట తార పెద్ద రెడ్ జెయింట్ (బాగా ఉబ్బిన ఎర్ర తార) అయి ఉంటే కనబడేదే, కాబట్టి ఆ అవకాశాన్ని కొట్టేశారు. భారీ తారలకైతే ధూళి అడ్డం. ఎన్‌జీసీ 1637 గెలాక్సీలో 2025లో పేలిన రెడ్ సూపర్‌జెయింట్‌ను (భారీ ఎర్ర తారను) ఆ ధూళి వెనక నుంచి జేమ్స్ వెబ్ అంతరిక్ష టెలిస్కోపు ఇన్‌ఫ్రారెడ్ (పరారుణ) ఫొటోలు స్పష్టంగా పట్టిచ్చాయి. పేలకముందు తార వెబ్‌కు దొరకడం అదే మొదలు. ఒక్క ఫిల్టర్‌లో (ఒకే రంగు కాంతిలో) తీసిన ఫొటోతో తార బరువు తేల్చేస్తే మాత్రం నమ్మకండి. ధూళిని తక్కువగా లెక్కేస్తే బరువూ తక్కువే వస్తుంది.

అపోహ: ఆరుద్ర నక్షత్రం (బీటెల్‌జ్యూస్) నేడో రేపో పేలుతుంది.

వాస్తవం: 2019 చివర్లో అది మసకబారింది ధూళి మేఘం వల్ల. పేలడానికి ఇంకా లక్ష ఏళ్ల దాకా పట్టవచ్చు. ఆరుద్ర కార్తెలో సూర్యుడు అటువైపే ఉంటాడు కనుక రాత్రి అది కనబడదు. పిల్లలకు చూపించాలంటే సంక్రాంతి రోజుల్లో, పొద్దుగుంకాక తూర్పున ఎర్రగా వెలిగే చుక్కను చూపించండి.