ఓపెన్‌కాస్ట్ గని పక్క ఊళ్లు: అపోహలు - వాస్తవాలు

గోదావరిఖని నుంచి మణుగూరు దాకా, నేలను పైనుంచే తవ్వి బొగ్గు తీసే ఓపెన్‌కాస్ట్ గనుల పక్క ఊళ్లలో ఎక్కువగా వినిపించే మాటలివి.

అపోహ: బ్లాస్టింగ్ చప్పుడు ఎంత గట్టిగా వినిపిస్తే ఇంటికి అంత ప్రమాదం.

వాస్తవం: చప్పుడు గాలిలో వచ్చి కిటికీలను గడగడలాడిస్తుంది. గోడకు ముప్పు నేలలోంచి వచ్చే అదురుతోనే. దాన్ని సెకనుకు ఇన్ని మిల్లీమీటర్లని కొలుస్తారు. గని యాజమాన్యానివి కాని ఇళ్లకు గనుల భద్రతా డైరెక్టరేట్ జనరల్ 1997లో పరిమితులు పెట్టింది: అదురు ఫ్రీక్వెన్సీ (సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో చెప్పే అంకె, హెర్ట్జ్‌లలో) 8 హెర్ట్జ్‌లోపు ఉంటే సెకనుకు 5 మి.మీ., 8-25 మధ్య 10, 25 దాటితే 15. నెమ్మదిగా ఊగే అదురు ఇంటి సహజమైన ఊపుకు దగ్గరగా ఉంటుంది కాబట్టే దానికి అంత కఠినమైన హద్దు. అదురు కొలిచిన రిపోర్టులో ఫ్రీక్వెన్సీ లేకుండా ఒక్క మి.మీ. అంకె ఇస్తే ఒప్పుకోవద్దు. అదురు కొలిచే మీటరు గోడ మొదట్లో, గట్టి నేలలో కదలకుండా పాతి ఉండాలి. డాబా మీద పెడితే ఆ రీడింగు పనికిరాదు.

అపోహ: మొత్తం పేలుడు మందు తగ్గిస్తేనే అదురు తగ్గుతుంది.

వాస్తవం: లెక్కలోకి వచ్చేది ఒక్క డిలేలో, అంటే ఒకే క్షణంలో పేలే మందు. మందు నింపిన వంద రంధ్రాలను మిల్లీసెకన్ల తేడాతో విడివిడిగా పేలిస్తే ఊరికి చేరే అదురు దాదాపు ఒక్క రంధ్రానిదే. డిలేకు వాడే మందు సగం చేస్తే అదురు సుమారు 40 శాతం తగ్గుతుంది. మామూలు డిటొనేటర్ల (మందును పేల్చే సాధనాల) టైమింగు అటూ ఇటూ అయి రెండు మూడు రంధ్రాలు కలిసి పేలడం తరచూ జరిగే తప్పు. ఇళ్లకు దగ్గరైన బెంచీల్లో (గనిలో మెట్లలా తవ్విన అంచెల్లో) టైమింగు తప్పని ఎలక్ట్రానిక్ డిటొనేటర్లు అడగడం అందుకే న్యాయమైన కోరిక.

పాత బీటల సంగతి వేరు. నల్లరేగడిలో పునాది వేసిన ఇల్లు బ్లాస్టింగ్ లేకున్నా ఎండాకాలంలో పగులుతుంది. అందుకే గని దగ్గరికి రాకముందే ఇంటింటా ఫొటోలు తీయించాలి. బీటకు అడ్డంగా పలుచని గాజు ముక్క అతికించి తేదీ రాయండి. గాజు పగిలితే బీట ఇంకా కదులుతోందని అర్థం.

అపోహ: బావి ఎండిందంటే వానలు లేకనే.

వాస్తవం: బొగ్గు పొరల మీదా మధ్యా ఉన్న ఇసుకరాయిలో నీరుంటుంది. గని అడుగు బావి అడుగు కంటే లోతుకు పోతే ఆ నీరు గనిలోకే దిగుతుంది, పంపులు దాన్ని తోడేస్తాయి. తేల్చుకోవడం సులువే: గని దగ్గర ఒక బావి, దూరంగా అదే నేలలో ఇంకో బావి ఎంచుకుని జనవరి, మే, ఆగస్టు, నవంబరు నెలల్లో, పొద్దున మోటారు వేయకముందు, ఒకే గుర్తు నుంచి తాడుతో నీటి లోతు కొలవండి. వానల తర్వాత దూరపు బావి కోలుకుని దగ్గరది కోలుకోకపోతే గనినే అనుమానించాలి.

అపోహ: ట్యాంకరుతో నీళ్లు చల్లితే దుమ్ము పోయినట్టే.

వాస్తవం: మే ఎండకు ఆ తడి త్వరగానే ఆరిపోతుంది. ఎక్కువ చల్లితే బురదవుతుంది, డంపర్ల, లారీల చక్రాలకు అంటి ఊరి రోడ్డెక్కి మళ్లీ దుమ్మవుతుంది. గని గేటు దగ్గర చక్రాలు కడిగే ఏర్పాటుందా అని ముందు చూడండి.

అపోహ: గని అనుమతికి ముందు జరిగే ప్రజాభిప్రాయ సేకరణ అయిపోయాక మన చేతిలో ఏమీ లేదు.

వాస్తవం: 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా (ఈఐఏ) నోటిఫికేషన్ ప్రకారం ఏటా జూన్ 1, డిసెంబరు 1 తేదీల్లో గని యాజమాన్యం పర్యావరణ అనుమతి షరతుల అమలుపై నివేదిక ఇవ్వాలి. అందులోని భూగర్భజల మట్టాలను మీ బావి కొలతల పక్కన పెట్టి, తేడా ఉన్న చోట షరతు నంబరు వేసి కాలుష్య నియంత్రణ మండలికి రాయండి.