చినార్ ఎర్రబడే రోజుల్లో కశ్మీర్

కశ్మీర్ అనగానే మనవాళ్ళు ఏప్రిల్‌లో తులిప్‌లకో జనవరిలో మంచుకో టికెట్లు బుక్ చేసుకుంటారు. నన్నడిగితే అక్టోబర్ ఆఖర్లోనో నవంబర్ మొదట్లోనో వెళ్ళమంటాను. అక్కడివాళ్ళు ఈ ఆకురాలే కాలాన్ని హరుద్ అంటారు. జనం పల్చబడతారు, హౌస్‌బోట్ రేటు బేరమాడొచ్చు, పొద్దున్నే దాల్ సరస్సులో శికారా పడవ ఎక్కితే తెడ్డు చప్పుడు తప్ప ఇంకేం వినపడదు.

మన దగ్గర ఆకులు రాలేది శిశిరంలో కదా, నల్లమలలో టేకు చెట్లు ఫిబ్రవరి, మార్చికల్లా మోడులైపోతాయి, దానికి కారణం చలి కాదు, నేలలో తడి తగ్గడం, ఆకులుంటే ఉన్న కాస్త నీళ్ళూ ఆవిరైపోతాయి కాబట్టి చెట్టే వాటిని వదిలించుకుంటుంది. శ్రీనగర్ చినార్ చెట్టుది వేరే కష్టం. పగలు కురచవుతున్నాయి, చలి ముదురుతోంది, ఇంక మంచు పడబోతోంది. అందుకని ఆకులోని నైట్రోజన్ లాంటి పోషకాల్ని ముందే కొమ్మల్లోకి లాక్కుంటుంది, ఆకుకి పచ్చరంగునిచ్చే క్లోరోఫిల్ విరిగిపోతుంది, ఇన్నాళ్ళూ ఆ పచ్చదనం చాటున ఉన్న కెరొటినాయిడ్‌లనే రంగుల పసుపు బయటపడుతుంది. ఎరుపు మాత్రం ముందునుంచీ ఉన్నది కాదండీ! చివరి రోజుల్లో ఆకు తనలో మిగిలిన చక్కెరలతో ఆంథోసయనిన్ అనే రంగుని కొత్తగా తయారుచేసుకుంటుంది. రాలిపోయే ఆకుకి ఈ శ్రమ ఎందుకంటే, పోషకాలు వెనక్కి వెళ్ళేదాకా ఎండ దెబ్బ తగలకుండా అడ్డం పెట్టుకుంటుందని చాలామంది శాస్త్రవేత్తల అభిప్రాయం.

నాకు బాగా నచ్చిన విషయం ఇంకోటుంది. సెప్టెంబర్‌తో రుతుపవనాలు వెనక్కి వెళ్ళిపోతాయి, మధ్యధరా వైపు నుంచి మంచు తెచ్చే గాలులు ఇంకా జోరందుకోవు, ఈ సందులో ఆకాశం కడిగినట్టుంటుంది. పగలు హాయిగా ఎండ, రాత్రి మబ్బులు లేక నేల వేడంతా పైకి పోయి గట్టి చలి. ఎండలో ఆకు చక్కెర చేసుకుంటుంది, చల్లటి రాత్రులకి అది ఆకులోనే నిలిచి ఎరుపు బాగా తేలుతుంది. అంటే మన తిరుగుడికి హాయిగా ఉండే వాతావరణమే ఆకుకీ రంగేస్తోంది. శ్రీనగర్‌లో హజ్రత్‌బల్ దర్గా దగ్గర నసీమ్ బాగ్ తోటలో మొఘలుల నాటి చినార్ల కింద నిలబడి ఇది తలుచుకుంటే ఒళ్ళు పులకరించింది నాకు.

అదే రోజుల్లో శ్రీనగర్ దగ్గరి పాంపోర్ పొలాల్లో కుంకుమ పువ్వు పూస్తుంది. వేసవంతా నేలలో నిద్రపోయిన దుంప, చల్లబడగానే ఊదా పువ్వు పైకి పంపుతుంది. పువ్వుకి మూడే ఎర్రటి పోగులు (కీలాగ్రాలు), కిలో కావాలంటే లక్షన్నర పువ్వుల దాకా కోయాలి, అదీ ఎండెక్కకముందే. పాలకి రంగునిచ్చే క్రోసిన్ అనే పదార్థం కూడా కెరొటినాయిడ్‌ల నుంచే పుడుతుంది, అంటే చినార్ ఆకు పసుపుకి చుట్టమే.

సాయంత్రం ఊళ్ళోకొస్తే ఆకుల పొగ వాసన. ఆడవాళ్ళు రాలిన చినార్ ఆకుల్ని ఊడ్చి కుప్పేసి, మంట రేగకుండా నీళ్ళు చిలకరిస్తూ కాల్చి బొగ్గు చేస్తారు. చలికాలం అంతా ఫెరన్ అనే వదులు అంగీ లోపల పట్టుకునే కాంగ్డీ అనే చిన్న కుంపటిలో కాలేది ఇలాంటి బొగ్గే.