బరువంతా దారంలోనే

ప్రకాశం జిల్లా పల్లెల్లో బండలాగుడు పోటీలకు వెళ్తే నేను గిత్తల్ని ఎంతసేపు చూస్తానో చెర్నాకోలనీ అంతసేపే చూస్తాను. కర్ర దగ్గర లావుగా మొదలైన తోలు అల్లిక కొసకు వచ్చేసరికి సన్నపు దారమవుతుంది. చెయ్యి కదిలేది మూరెడే. ఆ ఊపు తోలు వెంట పాకుతూ పోతుంటే, ముందుకు పోయేకొద్దీ కదలాల్సిన బరువు తగ్గి వేగం పెరుగుతుంది. కొస వేగం ధ్వని వేగాన్ని, అంటే సెకనుకు సుమారు 340 మీటర్లను దాటినప్పుడు మనకు ఆ ఛెళ్లుమనే చప్పుడు వినపడుతుంది.

ఫ్లై ఫిషింగ్‌లో జరిగేది కూడా ఇలాంటిదే, కాకపోతే చప్పుడు రానివ్వకూడదు. మామూలు గాలానికి సీసపు గుండు కడతాం. గుండు ఎగిరిపోతూ దారాన్ని వెంట లాక్కుపోతుంది. ఫ్లై అంటే ఈకలు, వెంట్రుకలు కొక్కేనికి చుట్టి పురుగులాగో చిన్న చేపలాగో కట్టిన ఎర. దానికి బరువు లేదు, దాన్ని విసరలేం. విసిరేది దారాన్ని, దాని వెనకాలే ఎర పోతుంది. అందుకే ఫ్లై లైన్ మామూలు నైలాన్ దారంలా ఉండదు. లోపల అల్లిన పోగు, దాని మీద ప్లాస్టిక్ పూత. తేలే లైన్ అయితే ఆ పూతలో కంటికి కనపడనంత చిన్న గాజు బుడగలు కలుపుతారు, మునిగే లైన్ అయితే టంగ్‌స్టన్ పొడి కలుపుతారు.

ఈ సంగతి సరిగ్గా తెలియక ముందే నేను 8 నంబర్ రాడ్ కొన్నాను. లైన్ మాత్రం తక్కువ ధరకు దొరికిందని 5 నంబర్‌ది తెచ్చుకున్నాను. పెన్నా ఇసుకలో నిలబడి సాయంత్రమంతా విసిరినా, అది నాలుగు బారలు పోయి కుప్పగా కూలేది. లోపం నా చేతిలోనే ఉందనుకుని చాలా రోజులు బాధపడ్డాను. చివరికి ఆ లైన్‌ని నెల్లూరులో తెలిసిన కంసాలి దగ్గరికి తీసుకెళ్లాను. "ఏందన్నా, తాడు తూచమంటావా?" అంటూనే ఆయన తూచాడు. కొసనున్న సన్న ముక్క వదిలేసి మొదటి 30 అడుగులు తూస్తే 9.1 గ్రాములు. నా రాడ్‌కు కావాల్సింది 13.6.

ఆ నంబర్ల కథంతా ఈ తూకంలోనే ఉంది. ఒకప్పుడు పట్టు లైన్లు వాడేవాళ్లు, వాటిని లావును బట్టి అక్షరాలతో గుర్తించేవాళ్లు. నైలాన్, ప్లాస్టిక్ వచ్చాక ఒకే లావున్న రెండు లైన్లు రెండు రకాల బరువులు తూగడం మొదలైంది. దాంతో 1960ల మొదట్లో అమెరికా తయారీదారులు లావు లెక్క వదిలేసి, మొదటి 30 అడుగుల బరువును గ్రెయిన్లలో కొలిచి నంబర్ వేయడం మొదలుపెట్టారు. 5 నంబర్ అంటే 140 గ్రెయిన్లు, 8 అంటే 210. మన కంసాలులకు గురివింద గింజ ఎట్లానో వాళ్లకు బార్లీ గింజ అట్లా. ఆ గింజ ఎత్తే గ్రెయిన్, 64.8 మిల్లీగ్రాములు.

లైన్ నంబర్‌ని ఎవరైనా త్రాసులో వేసి సరిచూడొచ్చు. రాడ్ మీద ఉన్న నంబర్‌కు మాత్రం అలాంటి ఉమ్మడి త్రాసు లేదు. ఈ రాడ్‌కు ఇంత బరువు లైన్ సరిపోతుందని తయారుచేసినవాళ్లు అనుకున్నదే ఆ అంకె. పైగా ఇప్పుడు చాలా లైన్లు వాటి నంబర్ కన్నా అర మెట్టు, ఒక మెట్టు బరువుగానే వస్తున్నాయి. డబ్బా మీద నంబర్ కన్నా గ్రెయిన్లు ఎన్నో చదవడమే మేలు.

జత కుదరకపోతే ఏమవుతుందో రాడ్ కొసను చూస్తే అర్థమవుతుంది. విసిరేటప్పుడు ఆ కొస దాదాపు తిన్నని గీత మీద పోవాలి. అలా పోతే లైన్ సన్నటి మడతగా గాలిలో విప్పుకుంటూ పోతుంది. చెయ్యి ఎప్పుడూ వంపుగానే తిరుగుతుంది కదా, ఆ వంపును సరిచేసేది రాడ్ వంగడమే. నా 5 నంబర్ లైన్‌కు ఆ రాడ్‌ని వంచే బరువు లేదు. కొస విల్లులా తిరిగింది, మడత పెద్దదైంది, గాలి దాన్ని ఆపేసింది. లైన్ మరీ బరువైతే కథ తిరగబడుతుంది. రాడ్ ఎక్కువగా వంగి కొస కిందికి దిగుతుంది, లైన్ తన మీద తానే పడి చిక్కుపడుతుంది.

ఫాస్ట్, స్లో అని రాడ్లలో తేడాలున్నాయి. ఫాస్ట్ అంటే కొస దగ్గరే వంగేది, స్లో అంటే పిడి దాకా వంగేది. కొత్తవాళ్లు మధ్యస్థంగా ఉండేది తీసుకుంటే చాలు, దీని గురించి టెన్షన్ అక్కర్లేదు.

ముందు చేపను, ఎరను, గాలిని చూసుకోవాలి. వాటిని బట్టి లైన్, లైన్‌ని బట్టి రాడ్. కృష్ణపట్నం దగ్గర కండలేరు పాయలో మడచెట్ల వేళ్ల పక్కన పండుగొప్ప కాచుకుని ఉంటుంది. దానికి వేలెడు పొడవున్న ఎర కావాలి. ఆ ఎరను మోయడానికి, మధ్యాహ్నం లేచే సముద్రపు గాలిని చీల్చడానికి 5 నంబర్ చాలదు. 9 అడుగుల 8 నంబర్ రాడ్ సరిపోతుంది. పండుగొప్ప మొప్ప రేకు బ్లేడులా ఉంటుంది కాబట్టి కొక్కేనికి ముందు లావుపాటి నైలాన్ దారం ఒక అడుగు పొడవున కట్టాలి. చెరువుల్లో చిన్న చేపలకైతే 5 చక్కగా సరిపోతుంది.

ఇంకొక్క మాట, మన ఎండ గురించి. చలి దేశాల కోసం చేసిన లైన్ పూత మన ఎండకు మెత్తబడి రాడ్ రింగులకు అంటుకుంటుంది. నా మొదటి లైన్ మే నెలలో సరిగ్గా అలాగే జిగటగా తయారైంది. ఉష్ణదేశాల కోసం గట్టి పోగుతో, గట్టి పూతతో చేసే లైన్లు వేరే ఉన్నాయి, అవే అడిగి తీసుకోవాలి. ఉప్పు నీటి నుంచి రాగానే రాడ్, రీల్, లైన్ మూడూ మంచినీళ్లతో కడగాలి.

పాయలో చెట్ల మధ్య 20 అడుగులకు మించి విసిరే చోటు ఉండదు. 30 అడుగులు బయటికి రానప్పుడు, ఆ నంబర్ చెప్పిన బరువు కూడా గాలిలో ఉండదు. అందుకని అక్కడ నేను 8 నంబర్ రాడ్‌కే 9 నంబర్ లైన్ ఎక్కిస్తాను. చెట్ల అడ్డు లేని మైపాడు సముద్రపు ఒడ్డుకు వెళ్లిన రోజు మళ్లీ 8కి మారుస్తాను.