ఆగస్టు 7 వెనుక 1905: నూలు చుట్టూ తిరిగిన ఏడాది

ఏటా ఆగస్టు 7 దగ్గరపడేసరికి మన పట్టణాల్లో చేనేత ప్రదర్శనలు వెలుస్తాయి. మంగళగిరి, పోచంపల్లి, ఉప్పాడ, గద్వాల పేర్లతో దుకాణాలు బారులు తీరతాయి. వేదిక మీద నేతకారులకు శాలువాలు కప్పుతారు. ఆ శాలువా ఏ మగ్గం మీద నేసిందో మాత్రం ఎవరూ అడగరు. 2015లో కేంద్ర ప్రభుత్వం ఈ తేదీని జాతీయ చేనేత దినోత్సవంగా ప్రకటించింది. తొలి వేడుక చెన్నైలో చేశారు. ఇదే తేదీ ఎందుకంటే, 1905 ఆగస్టు 7న కలకత్తా టౌన్‌హాల్లో స్వదేశీ ఉద్యమం మొదలైంది గనక.

ఆ మాట నిజమే. అయితే ఆనాటి తీర్మానం మగ్గం కోసం పుట్టింది కాదు. బెంగాల్ విభజనను వెనక్కి తీసుకునేదాకా బ్రిటిష్ సరుకు కొనవద్దన్నది దాని సారాంశం. అందులో బట్ట ముందు వరసలోకి ఎందుకొచ్చిందో, అసలు కొనకపోవడం అనే ఆయుధం అప్పుడే ఎందుకు చేతికొచ్చిందో తెలియాలంటే బెంగాల్ ఒక్కటే చూస్తే చాలదు. ఆ ఏడాది జపాన్ సముద్రంలో, రష్యా మిల్లుల్లో, షాంఘై బజారులో, తూర్పు ఆఫ్రికా పత్తి చేలల్లో ఏం జరిగిందో కూడా చూడాలి.

ముందు బెంగాల్ సంగతి. అప్పటి బెంగాల్ ప్రెసిడెన్సీలో బీహార్, ఒరిస్సా కలిసి ఉండేవి. జనాభా దాదాపు 7 కోట్ల 85 లక్షలు. ఇంత పెద్ద రాష్ట్రాన్ని ఒక్క లెఫ్టినెంట్ గవర్నర్ చూసుకోలేడన్నది వైస్రాయ్ కర్జన్ పైకి చెప్పిన కారణం. లోపలి కారణాన్ని హోం శాఖ కార్యదర్శి హెర్బర్ట్ రిస్లీ 1904లో తన కాగితాల్లో దాచకుండా రాసుకున్నాడు: బెంగాల్ కలిసి ఉంటే ఒక శక్తి, విడగొడితే తలో దిక్కుకూ లాగుతుందని. 1905 జూలైలో విభజన నిర్ణయం బయటికొచ్చింది. అదే నెల 13న కృష్ణకుమార్ మిత్ర నడిపే సంజీవని వారపత్రిక బహిష్కరణ మాట ఎత్తింది. అప్పటికి ఏడాదిన్నరకు పైగా విన్నపాలు, సభలు నడుస్తూనే ఉన్నాయి. ఒక్కటీ పని చేయలేదు.

ఆగస్టు 7న కాలేజ్ స్క్వేర్ నుంచి విద్యార్థులు జెండాలు పట్టుకుని ఊరేగింపుగా టౌన్‌హాలుకు నడిచారు. సభకు అధ్యక్షుడు కాశింబజార్ మహారాజా మణీంద్రచంద్ర నంది. జనం హాల్లో పట్టక బయట కూడా సభలు పెట్టాల్సి వచ్చింది. కర్జన్ అదే నెలలో రాజీనామా ఖాయం చేసుకున్నాడు. అయితే బెంగాలీలకు జడిసి కాదు, సైన్యం మీద పెత్తనం ఎవరిదన్న విషయంలో సేనాధిపతి కిచెనర్‌తో తగువు పడి.

మిగతా సరుకుల కంటే బట్ట ముందుకు రావడానికి పాత లెక్క ఒకటుంది. 1896లో ప్రభుత్వం దిగుమతి బట్ట మీద మూడున్నర శాతం సుంకం వేసింది. ఇంగ్లండు బట్టల మిల్లులకు పేరుపడ్డ లాంకషైర్ వాళ్లు ఊరుకోలేదు. దాంతో ఇక్కడి మిల్లు బట్ట మీద కూడా సరిగ్గా అంతే ఎక్సైజ్ పన్ను వేసి లెక్క సమం చేశారు. స్వదేశీ సభల్లో ఎవరు మాట్లాడినా ఈ ఎక్సైజ్ ప్రస్తావన రాక మానేది కాదు. 1925 దాకా అది పోలేదు. ఒక విషయం మాత్రం ఒప్పుకోవాలి: ఆ ఎక్సైజ్ మిల్లులకే, చేతిమగ్గానికి లేదు. ఇవాళ చేనేత బట్ట మీద 5 శాతం జీఎస్టీ ఉంది.

ఇక ఆ ధైర్యం ఎక్కడిది? 1904 అక్టోబరులో రష్యా బాల్టిక్ నౌకాదళం లిబావు రేవు నుంచి, అప్పటికే తమతో యుద్ధంలో ఉన్న జపాన్ మీదికి బయల్దేరింది. ఉత్తర సముద్రంలోనే చేపల పడవలను జపాన్ టార్పెడో పడవలనుకుని కాల్చి ఇంగ్లండుతో గొడవ తెచ్చుకుంది. ప్రధాన దళం ఆఫ్రికా చుట్టి మడగాస్కర్‌లో ఆగి, హిందూ మహాసముద్రం దాటి వచ్చింది. దారిలో రేవులిచ్చేవాళ్లు తక్కువ. జర్మన్ ఓడలు తెచ్చిన బొగ్గును నడిసముద్రంలోనే ఎక్కించుకోవాలి. కొట్లు నిండిపోతే డెక్కు మీదా, గదుల్లోనూ పోసుకున్నారు. ఇలా ఏడు నెలలు బొగ్గుపొడి పీల్చుకుంటూ వచ్చిన దళాన్ని మే 27, 28 తేదీల్లో సుషిమా జలసంధి దగ్గర అడ్మిరల్ టోగో తుడిచిపెట్టేశాడు. రష్యా వైపు నాలుగు వేల మందికి పైగా చనిపోయారు. జపాన్ పోగొట్టుకున్నది మూడు టార్పెడో పడవలు.

తెల్లవాడిని ఆసియావాడు ఓడించాడన్న వార్త కలకత్తా నుంచి కైరో దాకా పాకింది. చదువు కోసం ఇంగ్లండు వెళ్తున్న 15 ఏళ్ల జవహర్‌లాల్ నెహ్రూ డోవర్ నుంచి లండన్ వెళ్లే రైల్లో ఆ వార్త చదివాడు, ఆనాటి సంబరాన్ని ఆత్మకథలోనూ రాసుకున్నాడు. టౌన్‌హాల్ సభ జరిగింది ఆ తర్వాత పది వారాలకు.

ఓడిన రష్యాలో ఏడాది మొదట్లోనే మంట రేగింది. జనవరి 22న ఫాదర్ గపోన్ వెంట జార్ చక్రవర్తికి అర్జీ ఇవ్వడానికి సెయింట్ పీటర్స్‌బర్గ్ కార్మికులు పెళ్లాం పిల్లలతో కదిలారు. వాళ్ల మీద సైన్యం కాల్పులు జరిపింది. సర్కారు లెక్కలోనే వంద మందికి పైగా చనిపోయారు. ఇది చాలామందికి తెలిసిన కథే. అంతగా తెలియనిది ఇవానోవో-వొజ్నెసెన్స్క్ కథ. రష్యా మాంచెస్టర్ అని పేరున్న బట్టల ఊరది. మే నెలలో అక్కడి మిల్లు కార్మికులు పని ఆపేశారు. ఎనిమిది గంటల పని, జరిమానాల రద్దు వాళ్ల కోరికల్లో ఉన్నాయి. తాల్కా నది ఒడ్డున రోజూ సభ పెట్టుకుని, మిల్లుకు కొందరు చొప్పున 150 మందికి పైగా ప్రతినిధులను ఎన్నుకున్నారు. ఆ మండలి 72 రోజులు సమ్మె నడిపింది. తర్వాత ప్రపంచమంతా మోగిన సోవియట్ అన్న పేరుకు తొలి రూపంగా దీన్నే చెబుతారు. నేతమిల్లులో పుట్టిందన్న మాట.

చైనా కథ బెంగాల్‌కు మరీ దగ్గర. 1882 నుంచి అమెరికా చైనా కూలీలను దేశంలోకి రానివ్వడం లేదు. వ్యాపారులను, విద్యార్థులను కూడా రేవుల్లో దొంగల్లా ఆపి ప్రశ్నించేవారు. పాత ఒప్పందం గడువు ముగియడంతో, 1905 మేలో షాంఘై వర్తక సంఘం అమెరికాకు రెండు నెలల గడువిచ్చింది. మారకపోతే మీ సరుకు ముట్టబోమన్నది. జూలై 20న బహిష్కరణ మొదలైంది. అమెరికా నుంచి చైనాకు వచ్చే వాటిలో ముఖ్యమైనవి కిరోసిన్, నూలు బట్ట. షాంఘై, కాంటన్ బజార్లలో ఆ బట్ట తానులు కదలకుండా ఉండిపోయాయి. రాజ్యం చేతిలో లేనివాళ్లు, తుపాకీ పట్టనివాళ్లు కొనడం మానేసి ఒక పెద్ద దేశాన్ని ఇరుకున పెట్టగలరని చైనా వర్తకులు చూపించారు. ఈ వార్తలు కలకత్తా పత్రికల్లో వచ్చాయి. షాంఘైలో బహిష్కరణ మొదలైన 18 రోజులకే టౌన్‌హాల్ తీర్మానం. అధ్యక్షుడు రూజ్వెల్ట్ ఒత్తిడి పెట్టడంతో ఆగస్టు 31న చైనా సర్కారే బహిష్కరణ వద్దంటూ ఫర్మానా ఇచ్చింది. మరుసటి ఏడాదికి ఊపు చల్లారింది.

బట్ట కొనబోమని ఒక చోట అంటున్న వేళ, పత్తి పండించబోమని ఇంకో చోట తిరగబడ్డారు. జర్మన్ తూర్పు ఆఫ్రికా, అంటే ఇప్పటి టాంజానియా. జర్మనీ మిల్లులకు అమెరికా పత్తి మీద ఆధారం తగ్గించాలని అక్కడి అధికారులు ఊరుమ్మడి పత్తి చేలు పెట్టించారు. ఇంటికింత వంతు చొప్పున వెట్టి. సొంత చేలు కలుపు పట్టిపోతుంటే దొరల పత్తికి పని చేయాలి. చేతికొచ్చే డబ్బు ఎంత తక్కువంటే, కొన్ని చోట్ల జనం తీసుకోబోమని తిప్పికొట్టారు. 1905 జూలైలో మతుంబి కొండల్లోని నందెతే ఊరి మనుషులు చేలోకి దిగి మూడు పత్తి మొక్కలు పీకారు. అదే యుద్ధ ప్రకటన. కింజికిటిలే అనే పూజారి ఇచ్చిన మంత్రజలం చల్లుకుంటే తూటాలు నీళ్లయిపోతాయని నమ్మారు. స్వాహిలీలో మాజీ అంటే నీళ్లు. ఆ తిరుగుబాటుకు మాజీ మాజీ అన్న పేరు అలా వచ్చింది. ఆగస్టు 4న కింజికిటిలేను ఉరి తీశారు. అప్పటికి టౌన్‌హాల్ సభకు ఇంకా మూడు రోజులుంది. పోరు 1907 దాకా సాగింది. జర్మన్లు పైర్లు, ధాన్యం కొట్లు తగలబెట్టి కరువు తెచ్చిపెట్టారు. చనిపోయినవాళ్ల లెక్క 75 వేల నుంచి 3 లక్షల వరకు రకరకాలుగా చెబుతారు. కలకత్తా సభల్లో వీళ్ల పేరు వినిపించలేదు. మన పాఠ్యపుస్తకాల్లోనూ కనిపించదు.

అక్టోబరు 16న విభజన అమల్లోకి వచ్చింది. ఆ రోజు కలకత్తాలో పొయ్యిలు వెలిగించలేదు. జనం గంగలో మునిగి, రవీంద్రనాథ్ టాగూర్ పిలుపు మేరకు ఒకరి చేతికొకరు రాఖీలు కట్టుకున్నారు. మంచాన పడ్డ కాంగ్రెస్ పెద్ద ఆనందమోహన్ బోస్‌ను కుర్చీలో మోసుకొచ్చి, బెంగాల్ ఐక్యతకు గుర్తుగా తలపెట్టిన ఫెడరేషన్ హాలుకు పునాదిరాయి వేయించారు. విలాయతీ బట్ట కనబడిన పెళ్లికి పురోహితులు రామన్నారు, ఉతకడానికి రజకులు ఒప్పుకోలేదు. 1906 ఆగస్టు లెక్కలను అంతకు ముందటి ఆగస్టుతో పోల్చి కలకత్తా కస్టమ్స్ కలెక్టరు తేల్చినది ఇది: విదేశీ బట్ట దిగుమతి 22 శాతం, నూలు 44 శాతం, సిగరెట్లు 55 శాతం, బూట్లు 68 శాతం తగ్గాయి. బట్టలో తగ్గుదల అంతా దేశభక్తి ఖాతాలో వేయడానికి లేదు. అదే సమయంలో కలకత్తా మార్వాడీ వర్తకులకు, మాంచెస్టర్ మిల్లులకు బేరాల షరతుల మీద పేచీ నడుస్తోంది.

లాభం ఎవరికి దక్కింది? ఎక్కువ భాగం బొంబాయి, అహ్మదాబాద్ మిల్లులకు. గిరాకీ చూసి వాళ్లు ధర పెంచారు. కాస్త తగ్గించండి బాబూ అని బెంగాల్ నాయకులు బతిమాలుకోవాల్సి వచ్చింది. చేనేతకు మేలు జరగలేదని కాదు. తాడు లాగితే నాడె దానంతటదే అటూ ఇటూ దూసుకుపోయే శ్రీరాంపూర్ మగ్గానికి ఆ రోజుల్లో మంచి పేరొచ్చింది. పాత గుంటమగ్గం మీద చేత్తో నాడె విసిరి నేసేదానికి దాదాపు రెట్టింపు నేత పడుతుంది. కాని సన్నబట్టకు పడుగు కావాలంటే సన్ననూలు కావాలి, అది లాంకషైర్ నుంచే రావాలి. స్వదేశీ ధోవతిలో విలాయతీ పోగు ఉండేదన్నమాట.

తూర్పు బెంగాల్ పేదరైతుకు ఇది మరోలా తగిలింది. సంతలో విలాయతీ పంచె చవక, నునుపు. బొంబాయి మిల్లు పంచె ముతక, పైగా ఖరీదు. ఆ సంతలు నడిపే జమీందార్లు ఎక్కువమంది హిందువులు, విలాయతీ సరుకు అమ్మకూడదని వాళ్లే హుకుం వేశారు. కొనే రైతుల్లో ఎక్కువమంది ముస్లింలు. 1906 డిసెంబరులో ఢాకాలో నవాబు సలీముల్లా ఇంటి అతిథులుగా చేరినవాళ్లు ముస్లిం లీగ్ పెట్టారు. 1907లో కొమిల్లా, జమాల్‌పూర్లలో హిందూ ముస్లిం అల్లర్లు జరిగాయి. రాఖీ కట్టించిన టాగూరే తర్వాత ఈ బలవంతాన్ని గట్టిగా తప్పుపట్టాడు. బహిష్కరణకు ఈ ముఖం కూడా ఉందని చేనేత దినోత్సవ ప్రసంగాల్లో చెప్పగా నేను వినలేదు.

మన వైపు ఊపు వచ్చింది 1907 ఏప్రిల్లో. బిపిన్ చంద్ర పాల్ విశాఖపట్నం నుంచి మచిలీపట్నం దాకా ఊరూరా ఉపన్యాసాలిచ్చాడు. పిలిపించి వెంట తిప్పింది కృష్ణాపత్రిక ముట్నూరి కృష్ణారావు. రాజమండ్రిలో వందేమాతరం బిళ్లలు పెట్టుకున్న విద్యార్థులను కాలేజీ నుంచి తీసేశారు, వాళ్లలో గాడిచర్ల హరిసర్వోత్తమరావు ఒకరు. 1910లో మచిలీపట్నంలో ఆంధ్ర జాతీయ కళాశాల తెరిచారు. ఒకప్పుడు బందరు అద్దకాల కోసం డచ్చి, ఇంగ్లీషు ఓడలు వరస కట్టిన రేవు అది.

బెంగాల్ విభజన 1911 డిసెంబరులో రద్దయింది. టోగో బొమ్మలు గోడలకు తగిలించుకున్నవాళ్లకు జపాన్ అసలు రంగు అంతకంటే ముందే తెలిసి ఉండాలి. టౌన్‌హాల్ సభ జరిగిన ఐదు రోజులకు, 1905 ఆగస్టు 12న, జపాన్ లండన్‌లో బ్రిటన్‌తో పొత్తు తిరగరాసుకుంది. భారతదేశంలో బ్రిటిష్ ఆస్తుల రక్షణకు తోడుంటామన్న హామీ అందులో ఉంది. నవంబరు 17న కొరియాను తన రక్షణలోకి తీసుకుంటున్నట్టు సంతకం పెట్టించుకుంది, 1910లో పూర్తిగా కలిపేసుకుంది.

నూలు లెక్క తేలడానికి మరికొంత కాలం పట్టింది. 1893 నుంచే జపాన్ ఓడలు బొంబాయి పత్తిని ఒసాకా మిల్లులకు మోస్తున్నాయి, ఆ మార్గం తెరవడంలో జంషెడ్జీ టాటా చెయ్యి ఉంది. 1930ల నాటికి ఆ మిల్లుల బట్ట లాంకషైర్ కంటే చవకగా మన సంతల్లోకి దిగింది. 1933లో ప్రభుత్వం బ్రిటిషేతర బట్ట మీద సుంకాన్ని 75 శాతానికి పెంచింది. అప్పుడు ఒసాకా మిల్లులు భారత పత్తిని కొనడం మానేశాయి. పత్తి రైతు కుదేలయ్యాడు. మరుసటి ఏడాది రాజీ కుదిరింది: జపాన్ 15 లక్షల బేళ్ల పత్తి కొంటే 40 కోట్ల గజాల బట్ట ఇక్కడ అమ్ముకోవచ్చు.